బడి సంబంధాలు

పూర్వం ఇంట్లో ఆడపిల్ల ఎదిగిందంటే సంబంధాలు చూసేవారు. వంశం ఎలాంటిది, ఊళ్లో పేరెలా ఉంది, ఇచ్చిపుచ్చుకోవడాలు ఏమిటి అని నాలుగిళ్లలో వాకబు చేసేవారు. ఇప్పుడు ఆ వాకబంతా బడుల గురించి జరుగుతోంది. పిల్లకింకా పాలపళ్లయినా ఊడవు, బడి పెట్టి ఎన్నాళ్లయింది, కిందటేడు ఎంతమందికి మంచి మార్కులొచ్చాయి, ఈతకొలను ఉందా లేదా అని తల్లిదండ్రులకు నిద్రపట్టదు. తేడా అల్లా ఒక్కటే. కట్నం ఒక్కసారి ఇచ్చి ఊపిరి పీల్చుకునేవారు. ఈ సంబంధానికి ఏటా ఇచ్చుకోవాలి, పైగా ఏటేటా పెంచి ఇచ్చుకోవాలి.

ఉన్న ఊళ్లో బడి వెతకడానికే ఇంత హైరానా పడుతుంటే, ఊరు కూడా మనమే ఎంచుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా చిన్నల్లుడికి ఒకే నెలలో రెండు ఉద్యోగాలొచ్చాయి. ఒకటి సింగపూరులో, రెండోది దుబాయిలో. జీతాలు ఇంచుమించు సమానం. "ఇల్లు ఎక్కడైనా దొరుకుతుంది, పిల్లల చదువు ఎక్కడ బాగుంటే అక్కడికే వెళ్దాం" అని మొగుడూ పెళ్లామూ తీర్మానించుకున్నారు. మనవరాలు బుజ్జి మూడో తరగతి, చిన్నాడికి నాలుగేళ్లు. అంతవరకు బాగానే ఉంది. ఏ ఊరో తేల్చే పని మాత్రం తెచ్చి నా నెత్తిన పెట్టారు.

అందుకు కారణం లేకపోలేదు. నేను కాకినాడలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా పెద్దవాడి కాపురం సింగపూరులో. అక్కడికి రెండుసార్లు వెళ్లి ఉండి వచ్చాను. మా చెల్లెలి కూతురు దుబాయిలో ఉంటుంది. చెల్లెలికి మోకాళ్ల నొప్పులు కనక, ఆ పిల్ల రెండో కాన్పుకు నేనే వెళ్లి పెద్దపిల్లాణ్ణి చూసుకున్నాను. "రెండు ఊళ్లలోనూ పిల్లల్ని బడికి తయారుచేసి పంపిన మనిషివి మనవాళ్లలో నువ్వొక్కదానివే అమ్మా" అంది మా అమ్మాయి. మా వారు పేపర్లోంచి తలెత్తకుండానే, "సింగపూరంటే ముస్తఫా కొట్టు, దుబాయంటే బంగారం కొట్టు. మీ అమ్మకి గుర్తుండేవి అవే" అన్నారు. ఆ మాట అబద్ధమని నిరూపించడానికైనా ఈ నాలుగు ముక్కలూ రాయక తప్పడం లేదు.

ముందు ఈ 'ఇంటర్నేషనల్' అనే మాట సంగతి చూద్దాం. మా వీధి చివర రేకుల షెడ్డులో నడిచే బడికి కూడా ఇప్పుడు ఇంటర్నేషనల్ స్కూలని బోర్డుంది. అక్కడ పొరుగుదేశం నుంచి వచ్చింది ఏదైనా ఉందంటే అది గోడమీద వేసిన మిక్కీమౌస్ బొమ్మే. సింగపూరులో అలా కాదు. అక్కడ చదువుకు రాచబాట సర్కారు బడి. తమ పౌరుల పిల్లలందరూ ప్రాథమిక విద్య సర్కారు బడిలోనే చదవాలని 2000లో చట్టం చేసి 2003 నుంచి అమలు పెట్టారు. ఆ దేశపు పౌరుడు తన బిడ్డను ఇంటర్నేషనల్ స్కూల్లో వేయాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. కాబట్టి అక్కడ ఇంటర్నేషనల్ స్కూలంటే పైదేశాల నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ల పిల్లల కోసం వేసిన విడిది అన్నమాట. ఇంగ్లీషువాళ్లకు 1925లో పెట్టిన టాంగ్లిన్ ట్రస్ట్ స్కూలు, అమెరికా వాళ్లకు 1956లో పెట్టిన సింగపూర్ అమెరికన్ స్కూలు, మనవాళ్లకు 2002లో మొదలైన గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూలు, ఇలా ఎవరి విడిది వాళ్లకుంది.

దుబాయిలో ఇదంతా తలకిందులు. అక్కడి సర్కారు బళ్లు ముఖ్యంగా ఆ దేశం పిల్లలకోసం, అరబ్బీలో నడుస్తాయి. ఊరి జనంలో అత్యధికులు పైనుంచి వచ్చినవాళ్లే కనక రాచబాటే ప్రైవేటు బడి. రెండు వందలకు పైగా ఉన్నాయి. మన సీబీఎస్ఈ, ఇంగ్లీషువాళ్ల చదువు, అమెరికా చదువు, ఐబీ, ఏది కావాలంటే అది. మన పిల్లల కోసం ఇండియన్ హైస్కూలు 1961లోనే వచ్చింది. ఎమిరేట్స్ అని ఆ దేశమే 1971లో ఏర్పడింది. అంటే దేశం కన్నా మన బడి పదేళ్లు పెద్దదన్నమాట. ఈ సంగతి తెలిసినప్పుడు, టీచర్ని కదా, నాకెందుకో గర్వంగా అనిపించింది.

చెప్పొచ్చేదేమిటంటే, సింగపూరు వెళ్లేవాళ్లు 'వాళ్ల బడిలోకా, మన విడిదిలోకా' అని తేల్చుకోవాలి. దుబాయి వెళ్లేవాళ్లు 'ఈ రెండొందల విడుదుల్లో ఏది' అని తేల్చుకోవాలి. ప్రశ్నలే వేరు. ఇది తెలియక రెండు ఊళ్లనూ ఒకే తరాజులో వేస్తే లెక్క కుదరదు.

మా పెద్దవాడి కూతురు సింగపూరు సర్కారు బడిలో చదువుతోంది. వాళ్లకు పీఆర్ ఉంది. అంటే ఆ దేశంలో స్థిరనివాసం ఇచ్చారు. అందుకని ఆ బడిలో చోటు దొరికింది. కొత్తగా ఉద్యోగానికి వెళ్లినవాళ్ల పిల్లలకు మాత్రం, పౌరుల పిల్లలూ పీఆర్ వాళ్ల పిల్లలూ చేరగా మిగిలిన చోట్లే. ఒకటో తరగతి దాటిన పిల్లలైతే ఇంగ్లీషులో, లెక్కల్లో పరీక్ష పెట్టి తీసుకుంటారు. పరీక్ష గట్టెక్కినా ఖాళీ ఎక్కడుంటే అక్కడికే పంపుతారు. ఫీజు కూడా పౌరులకు దాదాపు ఏమీ లేదు, పీఆర్ వాళ్లకు కొంత, పైవాళ్లకు బాగా ఎక్కువ. అందుకే కొత్తగా వెళ్లినవాళ్లు చాలామంది ఇంటర్నేషనల్ స్కూలు వైపే చూస్తారు.

అక్కడి రోజు నాకు భలే నచ్చింది. పొద్దున్న ఏడున్నరకల్లా బడి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఇంటికి. పదేళ్ల పిల్లలు వీపున సంచీ వేసుకుని తమంతట తామే బస్సెక్కి వచ్చేస్తుంటారు. ఆడపిల్ల ఒక్కర్తీ వస్తోందని గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తే నన్ను చూసి నవ్వింది మా మనవరాలు. ఆ నిశ్చింతకు వెల కట్టలేం.

కాకపోతే అక్కడ ఆరో తరగతి చివర పీఎస్ఎల్ఈ అని ఒక పరీక్ష ఉంది. దాన్నిబట్టి హైస్కూలు నిర్ణయమవుతుంది. ఐదో తరగతి నుంచే ఇంటిల్లిపాదీ దాని జపమే. ఒంటిగంటన్నరకు ఇంటికొచ్చిన పిల్ల అన్నం తిని మళ్లీ ట్యూషనుకు బయల్దేరుతుంది. 2023 ఇంటిఖర్చుల లెక్కల్లో సింగపూరు సంసారాలు ఒక్క ఏడాదిలో ట్యూషన్లకు పెట్టింది 180 కోట్ల సింగపూరు డాలర్లట. ట్యూషన్ల పిచ్చి మనకే ఉందని ఇన్నాళ్లూ సిగ్గుపడుతుండేదాన్ని. ఆ సిగ్గు కాస్త తగ్గింది.

అక్కడే ఇంకో విశేషం. ఒకరోజు మనవరాలి ప్రోగ్రెస్ కార్డు చూస్తుంటే 'మదర్ టంగ్: హిందీ' అని కనబడింది. నాకు గుండె ఆగినంత పనైంది. "ఏమే, మీ అమ్మది భీమవరం, మీ నాన్నది కాకినాడ. మాతృభాష హిందీ ఎప్పుడైంది?" అన్నాను. ఆ పిల్ల ఓపిగ్గా, నేనేదో మందబుద్ధి విద్యార్థినిలాగా, "మామ్మా, అది స్కూలు మదర్ టంగ్. తెలుగు ఇంటి మదర్ టంగ్" అని విడమరిచి చెప్పింది. తరవాత తెలిసింది. సింగపూరు బళ్లలో మాతృభాష ఒక సబ్జెక్టు. చీనీ, మలాయి, తమిళం ఉన్నాయి. తమిళం కాని భారతీయులకు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. ఆ ఊళ్లో 1975 నుంచి తెలుగు సమాజం ఉన్నా, బడి పుస్తకంలో మాత్రం మన పిల్లలకు తల్లి మారిపోతుంది.

ఇక దుబాయి మాట. మా చెల్లెలి కూతురి కొడుకు అక్కడ సీబీఎస్ఈ బడిలో రెండో తరగతి. మనవాళ్ల బళ్లు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి, ఇంగ్లీషువాళ్లవి ఆగస్టు చివరలో. పసుపుపచ్చ బస్సు, లోపల ఒక ఆయమ్మ. అంతా బాగుంది. అయితే ఎండాకాలం వచ్చిందంటే నలభై అయిదు డిగ్రీల వేడి. పిల్లల ఆటలన్నీ ఏసీ గదుల్లోనే. జులై, ఆగస్టు సెలవులకు ఊరు సగం ఖాళీ అవుతుంది. అద్దె కలిసొస్తుందని షార్జాలో ఇల్లు తీసుకుని దుబాయిలో బడికి పంపేవాళ్లున్నారు. ఆ దారిలో ట్రాఫిక్ చూస్తే, పసివాడు తెల్లవారకముందే లేచి బస్సులో రెండో నిద్ర పోవడం చూస్తే, ఆదా అయింది అద్దా, పిల్లవాడి నిద్రా అనిపిస్తుంది. 2022 జనవరి నుంచి అక్కడ శని ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. శుక్రవారం పూట మధ్యాహ్నం పిల్లలు ఇంటికొచ్చేస్తే తల్లిదండ్రులు ఎక్కడుంటారన్నది ఎవరి ఇంటి లెక్క వాళ్లది.

దుబాయిలో ప్రైవేటు బడి అయినాసరే తొమ్మిదో తరగతి దాకా అరబ్బీ నేర్చుకోవాల్సిందే. మావాడు కుడినుంచి ఎడమకు రాసుకుంటూ పోతుంటే గుడ్లప్పగించి చూసేదాన్ని. ఒకరోజు నా పేరు అరబ్బీలో రాసిచ్చి, "అమ్మమ్మా, ఇటునుంచి చదువు" అని వేలు పట్టుకుని చదివించాడు. ముప్ఫై ఏళ్లు అ ఆ లు దిద్దించిన నాకు ఒక ఏడేళ్లవాడు అక్షరాభ్యాసం చేశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అయితే వాడికి తెలుగులో తన పేరు రాసుకోవడం రాదు. అంటే ఒక ఊళ్లో తల్లి స్థానంలో హిందీ, ఒక ఊళ్లో అదనంగా అరబ్బీ. తెలుగు మటుకు రెండు చోట్లా వంటింటి వాకిట్లోనే నిలబడి ఉంది.

మంచి బడి ఏదో ఎలా తెలుస్తుందని మా అమ్మాయి అడిగింది. ఈ విషయంలో దుబాయి కాస్త సుళువు. అక్కడ కేహెచ్‌డీఏ అని 2006లో పెట్టిన సర్కారు సంస్థ ఒకటుంది. 2008 నుంచి బళ్లను తనిఖీ చేసి మార్కులు వేయడం మొదలుపెట్టింది. అత్యుత్తమం నుంచి మరీ బలహీనం దాకా ఆరు మెట్లు. నివేదిక ఎవరైనా చదువుకోవచ్చు. తరగతికి ఎంత ఫీజో కూడా బయటపెట్టాలి. ఇష్టం వచ్చినట్టు పెంచడానికి వీల్లేదు, ఆ సంస్థ చెప్పిన హద్దులోనే. టీచర్ల పరీక్షలు దిద్దేవాళ్లు టీచర్లకే మార్కులు వేస్తారని విని నాకు చెమటలు పట్టాయనుకోండి. ఒక్క జాగ్రత్త. కోవిడ్ వచ్చిన 2020 నుంచి ఈ తనిఖీలు అన్ని బళ్లకూ ఏటేటా జరగడం లేదు. కాబట్టి నివేదిక చదివేముందు దానిమీద ఏ సంవత్సరం ఉందో చూసుకోవాలి. పెళ్లిచూపులకు పదేళ్ల కిందటి ఫోటో పంపినట్టు కాకూడదు కదా. సింగపూరులో ఇంటర్నేషనల్ స్కూళ్లకు ఇలా మెట్లు కట్టి మార్కులు వేసే పద్ధతి లేదు. సర్కారు గుర్తింపు ఉందా అని చూసుకోవడం, అక్కడ చదివించేవాళ్లను నలుగురిని అడగడం, ఇంతే.

ఖర్చంటారా, రెండు ఊళ్లలోనూ ఒకటే వరస. మన సీబీఎస్ఈ బడులు కాస్త చౌక, ఇంగ్లీషు, అమెరికా చదువులు ప్రియం. కొన్నిచోట్ల ఒక పిల్లకయ్యే ఫీజుతో ఇక్కడ ఇంజనీరింగు చదివించవచ్చు. దరఖాస్తు రుసుము, బస్సు, యూనిఫాం వేరే. కంపెనీ ఇస్తానన్న చదువు ఖర్చు ఒక్క పిల్లకా ఇద్దరికా, ఎన్నేళ్లు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాటగా ఇస్తామన్నవి మా కాలంలో పెళ్లిళ్లలో చాలా చూశాం.

మా అల్లుడు అందరికన్నా ముందుచూపు గల మనిషి. మూడో తరగతి పిల్లను పట్టుకుని ఇంజనీరింగు సీటు దాకా ఆలోచించాడు. ఆలోచించడంలో తప్పులేదు లెండి. పదకొండు, పన్నెండు పైదేశంలో చదివిన పిల్లలకు మన ఎన్ఐటీల్లో 'దాసా' అని వేరే సీట్లున్నాయి. వాటికి ఇప్పుడు జేఈఈ మెయిన్ మార్కులే ఆధారం. వాటిలోనే గల్ఫ్ దేశాల్లో పనిచేసే భారతీయుల పిల్లలకు విడిగా కొన్ని సీట్లు తీసి, ఇక్కడి పిల్లలు కట్టే ట్యూషన్ ఫీజే కట్టించుకుంటారు. ఆ సౌకర్యం దుబాయి పిల్లలకుంది, సింగపూరు పిల్లలకు లేదు. మధ్యలో తిరిగొచ్చేస్తే మటుకు తొమ్మిదో తరగతి లోపే వచ్చేయాలి. సీబీఎస్ఈలో తొమ్మిదిలో పేరు నమోదయ్యాక పదిలో బడి మార్చడం అంత తేలిక కాదు.

మగపిల్లాడున్నవాళ్లు సింగపూరు విషయంలో ఇంకొకటి తెలుసుకోవాలి. తల్లిదండ్రులతోపాటు పీఆర్ తీసుకున్న మగపిల్లాడు పద్దెనిమిదేళ్లు నిండాక రెండేళ్లు ఆ దేశపు సైన్యంలోనో పోలీసులోనో పనిచేయాలి. 1967 నుంచి ఉన్న పద్ధతి. మా పెద్దవాడి పై అంతస్తులో గుంటూరావిడ ఒకామె ఉంటుంది. వాళ్లబ్బాయి శనివారం ఇంటికొచ్చినప్పుడల్లా ఆ ఆకుపచ్చ బట్టలు తనే ఇస్త్రీ చేస్తుంది. "వాడికి అన్నం విలువ తెలిసొచ్చింది వదినగారూ" అని నవ్వుతుంది, అంతలోనే కొంగుతో కళ్లొత్తుకుంటుంది. అది మంచో చెడో నేను చెప్పలేను. ఉద్యోగపు వీసా మీద ఉన్నంతకాలం ఆ ప్రసక్తి రాదు. అయితే నాలుగేళ్లవాడికి పీఆర్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు పద్దెనిమిదేళ్లవాణ్ణి కూడా కళ్లముందు ఊహించుకోవాలి.

ఇవన్నీ నేను చెబుతుంటే మా అల్లుడు కంప్యూటర్లో ఎక్కించుకున్నాడు. ఇరవై ఏడు వరసలతో ఒక పట్టిక తయారుచేశాడు. ఫీజు, దూరం, గాలి, నీరు, ఆసుపత్రి, ఈతకొలను, క్లాసుకు ఎంతమంది, ఊరికి విమానం ఎన్ని గంటలు, ఒకటేమిటి. ఒక్కోదానికి పదికిగాను మార్కులు వేశాడు. చివరికి కూడితే మూడు మార్కుల తేడాతో సింగపూరు నెగ్గింది. అందరూ చప్పట్లు కొట్టారు. బుజ్జి కూడా కొట్టింది, ఎందుకో తెలియకుండానే.

నేను కళ్లజోడు పెట్టుకుని ఆ పట్టిక పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివాను. పరీక్ష పేపరు దిద్దిన అలవాటు, రాసినదానికన్నా రాయనిది ముందు కనబడుతుంది. "బాబూ, ఒంటిగంటన్నరకు ఇంటికొచ్చే పిల్లకు తలుపు ఎవరు తీస్తారు?" అన్నాను.

"తను ఉంటుంది కదా అత్తయ్యగారూ" అన్నాడు.

"తన ఉద్యోగం?"

మా అమ్మాయి ఆడిటు ఆఫీసులో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. ఇద్దరు పిల్లల పురుళ్లకూ సెలవు పెట్టి, మళ్లీ వెళ్లి, మానకుండా నిలబెట్టుకున్న ఉద్యోగం. అల్లుడు కాస్త తడబడి, "ఓ రెండేళ్లు విశ్రాంతి తీసుకుంటానందండీ" అన్నాడు. "నేననలేదు. అంటానని మీరనుకున్నారు" అంది మా అమ్మాయి, గొంతు పెంచకుండానే. గదిలో ఎవరూ మాట్లాడలేదు కాసేపు. మా వారు పేపరు మడిచి పక్కన పెట్టారు. అది మా ఇంట్లో అరుదుగా జరిగే సంగతి.

అప్పుడు వాకబు మళ్లీ మొదలైంది, ఈసారి తల్లి గురించి. సింగపూరులో భర్త ఉద్యోగపు వీసా మీద వెంట వెళ్లిన భార్యకు డిపెండెంట్ పాసు ఇస్తారు. 2021 మే ఒకటో తేదీకి ముందు ఒక అంగీకార పత్రంతో ఆ పాసు మీదే ఉద్యోగం చేసుకోనిచ్చేవారు. ఆ తరవాత నుంచి తనకంటూ విడిగా వర్క్ పాసు కావాలి. అంటే ఆమెను తీసుకునే కంపెనీ ఆ పాసుకు దరఖాస్తు పెట్టాలి, అందుకు తగ్గ జీతమూ ఉండాలి. మా కోడలికి పీఆర్ ఉంది కనక ఆ చిక్కు లేదు. హాయిగా ఉద్యోగం చేసుకుంటోంది. ఇంట్లో పనిమనిషి ఉంది, పిల్లకు తలుపు తీసేవాళ్లున్నారు. కొత్తగా వెళ్లే మా అమ్మాయికి అదేదీ లేదు. దుబాయిలో భర్త వీసా మీద ఉన్న భార్య ఆ వీసా మార్చుకోకుండానే, తీసుకున్న కంపెనీ వర్క్ పర్మిట్ తెప్పిస్తే పనిచేయవచ్చు. మా చెల్లెలి కూతురు అలాగే చేస్తోంది.

చూశారా, బడి వెతుకుతూ వెతుకుతూ ఎక్కడికొచ్చామో. ఏ దేశంలోనైనా ఎంత గొప్ప బడి అయినా పిల్ల దగ్గర ఉండేది ఆరేడు గంటలు. ఆ ముందు గంట, ఆ తరవాతి గంటలు, జ్వరమొచ్చిన రోజు, శుక్రవారం ఒంటిపూట, ట్యూషనుకు తీసుకెళ్లి తీసుకురావడం, పరీక్షల నెల, ఇవన్నీ ఎవరో ఒకరు చూసుకుంటారన్న ధీమా మీదే ఆ బడి నడుస్తుంది. ఆ ఎవరో ఎవరన్నది ఫీజుల పుస్తకంలో ఉండదు. ఆమె జీతం పోతే ఆ పోయింది కూడా బడి ఫీజే. రసీదు ఇవ్వరు, అంతే.

నా సంగతే చెబుతాను. మా వారిది బ్యాంకు ఉద్యోగం. ఒకసారి అనంతపురం బదిలీ అయింది. పిల్లలకు అక్కడ మంచి కాన్వెంటు ఉందని అందరం వెళ్లాం. నేను జీతం లేని సెలవు మీద రెండేళ్లున్నాను. పిల్లలు బాగా చదువుకున్నారు, నాకేం విచారం లేదు. నా సర్వీసు రిజిస్టరులో మాత్రం ఆ రెండేళ్లూ ఖాళీగా ఉండిపోయాయి, పింఛను లెక్క కట్టే గుమస్తా వేలు పెట్టి మరీ చూపించాడు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఎవరైనా ఆ వరస కూడా కాగితం మీద రాసి, "ఇదీ ఖర్చే, పెట్టుకుందామా?" అని నన్ను అడిగి ఉంటే నేను సరేననేదాన్నే. అప్పుడది నేను తెలిసి ఇచ్చిందయ్యేది. అడగడానికీ అడగకపోవడానికీ తేడా ఉంది.

మా అల్లుడు మంచివాడు. ఇరవై ఎనిమిదో వరస చేర్చాడు. "దీనికి పదికి ఎన్ని వేయమంటారు అత్తయ్యగారూ?" అని అడిగాడు. "నన్నెందుకు అడుగుతారు బాబూ? మార్కులు వేసుకోవాల్సిన మనిషి పక్కనే ఉంది" అన్నాను. మా అమ్మాయి ఎంత వేసిందో చెప్పను, అది వాళ్లిద్దరి మధ్య సంగతి. మొత్తానికి వాళ్లు దుబాయి వెళ్లారు. బడికి ఆరు మెట్లలో అన్నిటికన్నా పై మెట్టు కాదు, 'బాగు' అన్న మెట్టే. ఇంటికి పది నిమిషాలు. అయిదు నెలల తరవాత మా అమ్మాయికి ఉద్యోగం దొరికింది. మొదటి జీతం అందిన రోజు ఫోను చేసి డబ్బు మాట ఎత్తలేదు. "అమ్మా, ఇవాళ ఆఫీసులో నన్ను నా పేరు పెట్టి పిలిచారు. ఇన్నాళ్లూ ఇక్కడ అందరికీ నేను బుజ్జివాళ్లమ్మనే" అంది.

దీన్నిబట్టి దుబాయి గొప్పదని, సింగపూరు తక్కువదని మీరు అనుకోకండి. మా కోడలు ఇది చదివితే నాతో నెలరోజులు మాట్లాడదు. పిల్ల ఒక్కర్తీ నిర్భయంగా బడికి వెళ్లి రావాలి, పీఆర్ తీసుకుని అక్కడే స్థిరపడాలి, పోటీ చదువు తట్టుకోగల పిల్ల అనుకుంటే సింగపూరుకు వంక పెట్టలేం. నాలుగైదేళ్లు ఉండి తిరిగి రావాలి, సీబీఎస్ఈ తప్పకూడదు, ఇద్దరూ ఉద్యోగాలు చేయాలి అనుకునేవాళ్లకు దుబాయి సుళువు. ఎన్నేళ్లుంటాం, ఆ తరవాత ఎక్కడికి, పిల్ల ఇంటికొచ్చేసరికి తలుపు తీసేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు ముందు జవాబు రాసుకుని, ఆ తరవాతే ఈతకొలను సంగతి చూడండి. మీ ఇంట్లో పట్టిక తయారుచేసేది ఎవరైనాసరే, మీ వరస మీరే చేర్చుకోండి.

ఇక తెలుగు మాట మిగిలిపోయింది. దానికి ఏ సర్కారూ మార్కులు వేయదు, ఏ ఊళ్లోనూ పీరియడు లేదు. అందుకని ఆ పీరియడు నేనే తీసుకున్నాను. దుబాయి మనకన్నా గంటన్నర వెనక. శనివారం అక్కడ సాయంత్రం అయిదు అయ్యేసరికి ఇక్కడ ఆరున్నర, దీపం పెట్టి కూర్చుంటాను. సింగపూరు మనకన్నా రెండున్నర గంటలు ముందు కనక ఆ పిల్లకు ఆదివారం పొద్దున్న. ఫోను గోడకు ఆనించి, పెద్దబాలశిక్ష ఒళ్లో పెట్టుకుని పాఠం మొదలుపెడతాను. చెల్లెలి మనవడు కూడా వచ్చి చేరాడు. మొన్న 'క్ష' రాయడం రాలేదని వాడు అలిగాడు. "నాకు నువ్వు అరబ్బీ నేర్పినప్పుడు నేను అలిగానా?" అన్నాను. కాసేపు ఆలోచించి మళ్లీ పలక తీశాడు. ఫీజు లేదు, బస్సు లేదు, యూనిఫాం లేదు. తనిఖీ మటుకు ఉంది. మా వారు పక్కగదిలోంచి వింటూ నా ఒత్తులు దిద్దుతుంటారు.